పాస్‌వర్డ్ రాయకూడదు

ఎనభైల నడిమి ఏళ్ళలో నేను ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ప్రోగ్రామర్‌గా పనిచేసేదాన్ని. మావారిది ఇంకో మంత్రిత్వ శాఖ. జనక్‌పురిలో ఒక పంజాబీ ఆంటీ ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. మా పాపకు అప్పుడు ఆరేళ్ళు. నేను గోదావరి జిల్లా తెలుగులో అన్నానికి పిలిస్తే అది హిందీలో ఆకలి లేదని చెప్పేది.

ఆఫీసులో నా పని వానలకు సంబంధించింది. నేను వాన లెక్కలు కట్టేదాన్ని కాదు, తెప్పించేదాన్ని. ఆంధ్రప్రదేశ్‌లో ఏ జిల్లాలో నిన్న ఎంత వాన పడిందో హైదరాబాద్‌లో ఒక కంప్యూటర్‌లోకి చేరేది. ఆ జాబితా పొద్దున తొమ్మిదిన్నరకల్లా మా డైరెక్టర్ గారి బల్ల మీద ఉండాలి. మా కంప్యూటర్ పక్కన మోడెం అని ఒక పెట్టె ఉండేది, దానికో టెలిఫోన్ తీగ. ఆ పెట్టె హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే అక్కడి పెట్టె ఎత్తుతుంది. తర్వాత రెండు కంప్యూటర్లూ ఆ తీగ మీద మాట్లాడుకుంటాయి. ముందు అవతలి మిషన్ "లాగిన్:" అంటుంది. అంటే నీ పేరేమిటి అని. పేరు కొట్టాలి. తర్వాత "పాస్‌వర్డ్:" అంటుంది. ఆ రహస్యమైన మాట కూడా కొడితే అప్పుడు లోపలికి రానిస్తుంది.

చిక్కల్లా టెలిఫోన్ లైనుతోనే. ఎనిమిది దాటితే హైదరాబాద్ లైను దొరికేది కాదు, దొరికినా నిలిచేది కాదు. పొద్దున ఆరు గంటలకైతే హాయిగా కలిసేది. కాబట్టి ఆరు గంటలకు ఎవరో ఒకరు మిషన్ ముందు కూర్చుని పేరూ పాస్‌వర్డూ కొట్టాలి. మా సెక్షన్‌లో ఆ పని తెలిసినవాళ్ళం ఇద్దరమే. రెండో ఆయన ఘాజియాబాద్ నుంచి రావాలి, ఆ వేళకు ఆయనకు బస్సు లేదు. నాకు ఉంది. ఉండటం నా దురదృష్టం.

రోజూ నాలుగున్నరకు లేచి, ఒక చేత్తో పాపకు టిఫిన్ డబ్బా సర్దుతూ ఇంకో చేత్తో జడ వేసుకునేదాన్ని. మావారు పాల బూత్‌కు వెళ్ళే మిషతో డబ్బా పట్టుకుని బస్‌స్టాపు దాకా వచ్చేవారు. మెట్ల దగ్గర కింది వాటా ఆంటీ తులసికి నీళ్ళు పోస్తూ ప్రతిరోజూ అదే అడిగేది.

"బేటీ, ఈ వేళకు తెరిచే ఆఫీసు ఏం ఆఫీసు?"

"కంప్యూటర్ డ్యూటీ, ఆంటీ."

"అచ్ఛా. కంప్యూటర్ ఇంత పొద్దున్నే లేస్తుందా?"

అది అసలు నిద్రపోదని చెబితే ఆవిడకు ఇంకా అనుమానం వస్తుందని ఊరుకునేదాన్ని.

ఒక వానాకాలం అలా గడిపాక నాకు జ్ఞానోదయమైంది. నేను అక్కడ చేస్తున్నదేమిటి? "లాగిన్" అన్నప్పుడు ఒక మాట, "పాస్‌వర్డ్" అన్నప్పుడు ఇంకో మాట కొడుతున్నాను. ఆ మాటలు రోజూ అవే. ఈ మాత్రానికి మనిషెందుకు? మిషన్‌కే ఒక స్క్రిప్టు రాసిపెడితే సరిపోతుంది. ఆరు కొట్టగానే ఫోన్ చెయ్యి. "లాగిన్:" అని వినిపించేదాకా ఆగు, పేరు చెప్పు. "పాస్‌వర్డ్:" అని వినిపించేదాకా ఆగు, పాస్‌వర్డ్ చెప్పు. జాబితా తెచ్చుకుని అచ్చు వెయ్యి, ఫోన్ పెట్టెయ్యి. అంతే.

ఫైల్లో నోట్ పెట్టాను. డైరెక్టర్ గారు యాభై ఆరేళ్ళ పెద్దమనిషి, పంజాబీ ఆయన. కంప్యూటర్ ఆయనకు రాదు. నియమాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నా నోట్ మీద పచ్చ సిరాతో ఒకే వాక్యం రాసి వెనక్కి పంపారు. "పాస్‌వర్డ్ ఎక్కడా రాయకూడదు."

వెళ్ళి చెప్పాను. "సర్, స్క్రిప్టులో పాస్‌వర్డ్ లేకపోతే మిషన్ ఏం చెబుతుంది?"

"అదే నేనూ అడుగుతున్నాను. రాయకుండా చెప్పే ఉపాయం చూడండి."

ఇంకా వివరంగా ఇంకో నోట్ పెట్టాను. అదే వాక్యం, అదే పచ్చ సిరా. మూడోసారి బొమ్మ కూడా గీసి పెట్టాను. మూడోసారి వాక్యం కింద గీత కూడా గీశారు.

ఆ వారమే హైదరాబాద్ వాళ్ళు పాస్‌వర్డ్ మార్చుకోమన్నారు. అక్కడ మిషన్ చూసే ఆపరేటర్ గారితో నాకు ఫోన్‌లో పరిచయం. తెలంగాణ మనిషి, నాకంటే పదేళ్ళయినా పెద్ద. మొదట్లో "మేడమ్" అనేవారు, తర్వాత తర్వాత "చెల్లె" అయ్యాను. నేను "అన్నయ్యగారూ" అనేదాన్ని.

"చెల్లె, కొత్త పాస్‌వర్డ్ నువ్వే కొట్టుకో. నాకు చెప్పకు. నేను అడగ" అన్నారు.

కొత్త మాట కోసం నేను పెద్దగా ఆలోచించలేదు. మూడుసార్లు తిరిగొచ్చిన ఫైలు ఎదురుగా బల్ల మీదే ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో "మొండిఘటం" అని కొట్టాను. కొట్టగానే ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. అంతటితో ఆగితే బాగుండేది. ఆ ఊపులో స్క్రిప్టు కూడా రాసేశాను, పాస్‌వర్డ్‌తో సహా. "రాయకూడదు" అన్నది కాగితం సంగతి కదా, ఇది కాగితం కాదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. లైను కలవకపోతే ఏం చెయ్యాలన్న చోట "పని అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించు" అని రాశాను. అది నాకు చాలా తెలివైన పంక్తిగా తోచింది.

మొదటిరోజు స్క్రిప్టును ఒంటరిగా వదిలి ఇంట్లో పడుకున్నాను. నిద్ర పడితే కదా! ఆరింటికి మంచం మీద కూర్చుని "ఇప్పుడు పేరు చెబుతూ ఉంటుంది" అన్నాను. "పడుకోవే" అన్నారు మావారు అటు తిరిగి. తొమ్మిదింటికి ఆఫీసుకు పరుగెత్తి వెళితే, అచ్చయిన జాబితా మిషన్ నోట్లోంచి నాలికలా వేలాడుతోంది. ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా అన్నీ ఉన్నాయి. చింపి తీసుకెళ్ళి డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చూసి, "మళ్ళీ పొద్దున్నే వచ్చినట్టున్నారు. శాబాష్" అన్నారు.

నేను రాలేదని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. "థాంక్యూ సర్" అని బయటికొచ్చింది.

ఇరవై రోజులు అలా సాగింది. ఆంటీ నన్ను ఎనిమిదింటికి మెట్లు దిగడం చూసి, ఉద్యోగం పోయిందేమోనని మావారిని చాటుగా అడిగిందట. నేను పాపకు రెండు జడలు వేసి స్కూలు బస్సు ఎక్కించే దాకా ఎదిగాను. ప్రతిరోజూ ఆ "శాబాష్" మాత్రం గొంతులో ముల్లులా ఉండేది. రేపు చెబుదాం అనుకునేదాన్ని. రేపు కూడా శాబాష్ అనేవారు.

ఒక సోమవారం తొమ్మిదింపావుకు వెళ్ళేసరికి డైరెక్టర్ గారు మిషన్ గదిలోనే నిలబడి ఉన్నారు. జాబితా లేదు. మోడెం మాత్రం ఎర్రదీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ, ఫోన్ చేస్తూ పెట్టేస్తూ, మళ్ళీ చేస్తూ తెగ హడావుడిగా ఉంది.

"మీరు లేకుండా ఇది ఎవరికి ఫోన్ చేస్తోంది?" అన్నారు ఆయన.

నేను జవాబు వెతుక్కునే లోపల పక్కనున్న మామూలు ఫోన్ మోగింది. ఆయనే ఎత్తారు. హైదరాబాద్. ట్రంక్ కాల్ రోజులవి, అవతలివాళ్ళు అరిస్తే గాని వినపడదు, అరిస్తే గదంతా వినపడుతుంది. ఆపరేటర్ గారు తన హైదరాబాదీ హిందీలో గోల పెడుతున్నారు. పొద్దున ఆరింటి నుంచి ఎవరో మనిషి తమ మిషన్‌లోకి దూరాలని చూస్తున్నాడు, తొంభై ఆరుసార్లు ప్రయత్నించాడు, పేరు కూడా కాగితం మీద అచ్చయింది, ఫోన్ వచ్చేది ఢిల్లీ నుంచే, మీవాడేనా కనుక్కోండి, అని.

డైరెక్టర్ గారు పేరు అడిగి, కాగితం మీద జాగ్రత్తగా రాసుకుని, నా వైపు తిరిగారు.

"మన స్టాఫ్‌లో మొండిఘటం ఎవరు?"

ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా నాకు చెవులు వేడెక్కుతాయి. ఆయన "ఘ"ను పంజాబీ పద్ధతిలో నొక్కి మరీ పలికారు.

"నేను మాట్లాడతాను సర్" అని ఫోన్ అందుకున్నాను.

"చెల్లె, నువ్వేనా?" అన్నారు ఆపరేటర్ గారు తెలుగులోకి దిగి. "గీ మొండిఘటం ఎవలు? పొద్దుగాల నుంచి తలుపు కొడుతనే ఉన్నడు. తొంభై ఆరు సార్లు! మస్తు మొండోడున్నడు!"

"అన్నయ్యగారూ, అది మనిషి కాదండి" అన్నాను గొంతు తగ్గించి. "నా పాస్‌వర్డ్."

అవతల మొదలైంది నవ్వు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆయనకు.

"మరి ఎవలను అనుకొని పెట్టినవ్?"

"ఇప్పుడు నా పక్కనే ఉన్నారండి."

ఆ నవ్వు ట్రంక్ లైన్‌లోంచి పొంగి గదిలోకి వచ్చింది. "ఆయనెందుకు నవ్వుతున్నాడు?" అన్నారు డైరెక్టర్ గారు. లైను బాగాలేదు సర్, అన్నాను.

జరిగిందేమిటో ఆ ఫోన్‌లోనే తేలింది. ఆదివారం నాడు ఆపరేటర్ గారు అందరికీ సాయంగా ఉంటుందని తమ మిషన్ గుమ్మంలో, ఫోన్ కలవగానే అన్నిటికంటే ముందు వచ్చేలా, ఒక ప్రకటన పెట్టారు. మీ లాగిన్: గాని పాస్‌వర్డ్: గాని మరచిపోతే డ్యూటీ ఆపరేటర్‌ను అడగండి, అని. నా స్క్రిప్టుకు చదవడం రాదు, రెండు మాటల కోసం చెవులు రిక్కించుకుని ఉండటమే వచ్చు. ప్రకటనలో "లాగిన్:" కనబడగానే పేరు చెప్పేసింది. అప్పటికి అవతల ఎవరూ అడగనేలేదు, ఆ పేరు గాలిలో కలిసిపోయింది. వెంటనే ప్రకటనలోనే "పాస్‌వర్డ్:" కనబడింది. అదీ చెప్పేసింది. సరిగ్గా అప్పుడు అవతలి మిషన్ నిజంగా "లాగిన్:" అని అడిగి, చెవినబడ్డ మాటను పేరుగా తీసుకుంది. పాస్‌వర్డ్‌నైతే ఆ మిషన్ ఎన్నడూ అచ్చువేయదు, అది రహస్యమని దానికి తెలుసు. తెలియని పేరుతో వచ్చినవాళ్ళను మాత్రం కాగితం మీద అచ్చు వేసి తీరుతుంది. అలా నా రహస్యం తొంభై ఆరు వరుసల్లో హైదరాబాద్‌లో నేల దాకా వేలాడింది. పని అయ్యేదాకా ప్రయత్నించమన్నది నేనే కదా.

డైరెక్టర్ గారు స్క్రిప్టు సంగతి విన్నారు. ఇరవై రోజుల శాబాష్‌ల సంగతీ విన్నారు. కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. "ఒక నోట్ రాసి ఇవ్వండి. ఏం జరిగిందో, ఆ మాటకు అర్థమేమిటో" అన్నారు.

మొదటి విషయం అరగంటలో రాశాను. రెండోది సాయంత్రం దాకా పట్టింది. "పట్టిన పని విడవని మనిషి" అని ఒకసారి రాశాను. అబద్ధం కాదు. కానీ ఇరవై రోజులు ఇలాంటి అబద్ధం కాని మాటలతోనే గడిపానని గుర్తొచ్చి కొట్టేశాను. "ఎంత చెప్పినా వినని మనిషి. తెలుగు మాట" అని రాసి తీసుకెళ్ళి, ఆయన చదువుతుంటే కిటికీలోంచి వేపచెట్టును చూస్తూ నిలబడ్డాను.

"ఎవరిని గురించి?" అన్నారు.

నేను ఆయన బల్ల మీది ఫైళ్ళ వంక చూశాను.

"మీ ఫైలు నేను ఎన్నిసార్లు తిప్పి పంపాను?"

"మూడుసార్లు, సర్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మీసాల కింద ఏదో కదిలింది. "మా ఆవిడ పంజాబీలో దీనికంటే గట్టిది వాడుతుంది. అది ఫైల్లో రాయడానికి వీలుకాదు. కూర్చోండి."

కూర్చున్నాను.

"మాట సంగతి వదిలేయండి" అన్నారు. "నాకు కంప్యూటర్ రాదు. కానీ రహస్యం మోసుకుపోయేవాడికి, ఎదుటివాడెవరో చూసుకునే తెలివి ఉండాలని తెలుసు. మీ స్క్రిప్టుకు ఆ తెలివి ఉందా?"

"లేదు సర్."

"మరి దాని చేతికి రహస్యం ఎందుకిచ్చారు?"

నేను మూడుసార్లు ఆ పచ్చ సిరా వాక్యం చదివి ఒక్కసారి కూడా ఇలా ఆలోచించలేదు.

ఆయన బయటి గదిలోని స్టెనో గారిని పిలిచారు. నడివయసు తమిళావిడ, ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ. "మంత్రిగారి ఆఫీసు నుంచి అని చెప్పి ఎవరో ఫోన్ చేసి, ఫలానా కాగితం చదివి వినిపించమంటే ఏం చేస్తారు?" అని అడిగారు.

"మీరు పెట్టేయండి, నేనే చేస్తాను అంటాను సర్. నా పుస్తకంలో ఉన్న నంబరుకు చేస్తాను. నిజమైనవాళ్ళయితే వాళ్ళే ఎత్తుతారు."

"పాస్‌వర్డ్ అడగరా?"

"ఎందుకు సర్?" అందావిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

డైరెక్టర్ గారు నా వైపు చూశారు. నాకు ఆ కుర్చీలోనే మొత్తం కనిపించింది. మా మిషన్ ఫోన్ చేసి పేరు మాత్రం చెప్పాలి, పెట్టేయాలి. హైదరాబాద్ మిషన్ తన దగ్గర రాసి ఉన్న నంబరుకు తిరిగి ఫోన్ చేయాలి. దేశంలో ఇంకెవరు మా పేరు చెప్పినా ఆ ఫోన్ మోగేది మా గదిలోనే. స్క్రిప్టులో దాచవలసింది ఏమీ ఉండదు. పైగా ఆ పేరుతో వచ్చినవాళ్ళకు వాన జాబితా తప్ప ఇంకేదీ ముట్టుకునే వీలు లేకుండా అక్కడ కట్టేయొచ్చు.

ఆపరేటర్ గారికి చెబితే, "గిదేదో మంచిగున్నది చెల్లె" అని, వారం రోజులు తన వైపు కుస్తీ పట్టారు. నేను నా వైపు పట్టాను. "పని అయ్యేదాకా" అన్న పంక్తి తీసేసి "మూడుసార్లు చూడు, కాకపోతే ఆగి, కాలేదని ఒక చీటీ అచ్చు వెయ్యి" అని రాశాను. ఆ ప్రకటన ఆయన తీసేస్తానన్నారు. నేనే వద్దన్నాను, ఉండనీయండి, దాన్ని దాటుకుని పోవడం మా మిషన్ నేర్చుకోవాలి, అని.

కొత్త పద్ధతి మొదలుపెట్టే రోజున నాతోపాటు డైరెక్టర్ గారు కూడా ఆరింటికి ముందే వచ్చారు. తడిసిన గొడుగు మూల నిలబెట్టి, ఫ్లాస్కులోంచి ఇద్దరికీ టీ పోశారు. ఇన్నాళ్ళూ నేను ఈ వేళకు వచ్చి కూర్చున్న కుర్చీ మీద ఆయన కూర్చుని, కిటికీ బయట ఇంకా వెలగని ఆకాశాన్ని చూసి, "రోజూ ఇలాగే వచ్చేవారా?" అన్నారు. అవునన్నాను.

ఆరు కొట్టింది. మా మోడెం హైదరాబాద్‌కు ఫోన్ చేసింది, పేరు చెప్పింది, పెట్టేసింది. ఒక నిమిషం గడిచింది. మోడెం తీగకే తగిలించి ఉన్న ఫోన్ మోగింది.

డైరెక్టర్ గారు ముప్ఫై ఏళ్ళ అలవాటుకొద్దీ చెయ్యి చాచి రిసీవర్ ఎత్తి "హలో!" అన్నారు.

అవతలి మోడెం ఆయన చెవిలోకి కీచుమని ఒక కూత కూసింది. ఆయన రిసీవర్‌ను చేతిదూరంలో పెట్టి దానికేసి చూశారు. లైను తెగిపోయింది.

"నాకోసం కాదు" అన్నారు మెల్లిగా.

నేను బల్ల మీద తల పెట్టుకుని నవ్వాను. ఆయనా నవ్వారు, టీ ఒలికేంతగా. రెండో ప్రయత్నంలో ఫోన్ మోగినప్పుడు ఆయన రెండు చేతులూ వెనక కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఈసారి మోడెం ఎత్తుకుంది. అచ్చు మొదలైంది. ఆయన జిల్లాల పేర్లు ఒక్కొక్కటే బయటికి చదువుతూ, ప్రతి పేరునూ ఖూనీ చేస్తూ, తూర్పుగోదావరి దగ్గర ఆగి, "మీ జిల్లాలో మంచి వాన" అన్నారు. ఆ రోజే ఫైల్లో సంతకం పెట్టారు.

ఆ స్క్రిప్టు ఎవరూ ముట్టుకోకుండా మూడు వానాకాలాలు పనిచేసింది. చీటీ అచ్చయిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పుడు మళ్ళీ బస్సెక్కి వెళ్ళేదాన్ని, కానీ ఆ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మూడో ఏడు ఆపరేటర్ గారు ఏదో శిక్షణ కోసం ఢిల్లీ వచ్చారు. అన్నాళ్ళు ఫోన్‌లో విన్న గొంతును బట్టి ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. నా భుజం దాకా ఉన్నారు, బట్టతల, చేతిలో బిస్కట్ల డబ్బా. టీ తర్వాత తాగుదామని, ముందు మిషన్ గది చూపించమన్నారు. తీసుకెళ్ళాను. ఆయన కంప్యూటర్ వంక చూడనే లేదు. మోడెం దగ్గర వంగి నిలబడి, జేబులోంచి రుమాలు తీసి దాని మీది దుమ్ము తుడిచారు.

"మా మిషిన్ రోజూ ఫోన్ చేసేది దీనికేనా?"

"దీనికేనండి."

"గింతనే ఉన్నదా!" అన్నారు, చుట్టాలింట్లో కొత్తగా పుట్టిన పిల్లను చూసినట్టు.